ఇరవై ఏళ్ల సర్వీసు, రెండేళ్ల రోజులు

అమెరికాలో ఒక మాజీ నావికుడి వివరాల్లో "సబ్‌మెరైన్ రిజర్వ్‌లో ఎనిమిదేళ్లు, కోస్ట్ గార్డ్ రిజర్వ్‌లో పన్నెండేళ్లు" అని ఉందనుకుందాం. చదవగానే ఇరవై ఏళ్లు యూనిఫాంలోనే గడిపిన మనిషి మన కళ్ల ముందు కనిపిస్తాడు. కొన్నాళ్లు నీళ్ల కింద, కొన్నాళ్లు తుపాను అలల మీద. కానీ అసలు సంగతి అది కాదు. ఆ మనిషి ఆ ఇరవై ఏళ్లలో ఎక్కువ భాగం ఏ కరెంటు కంపెనీలోనో, బళ్లోనో, గ్యారేజీలోనో ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు. నెలకోసారి శని, ఆదివారాలు మాత్రం బూట్లు పాలిష్ చేసుకుని బయల్దేరతాడు. ఆ రోజులన్నీ కూడితే రెండేళ్ల పైచిలుకు వస్తుంది. పెన్షన్ కట్టేటప్పుడు అవే రోజులు నాలుగేళ్ల పైచిలుకు అవుతాయి. కాగితం మీద మాత్రం ఇరవై ఏళ్లు. ఈ మూడు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. రిజర్వ్ సర్వీసు అంటే ఏమిటో తెలియాలంటే ముందు ఈ మూడూ ఎలా వచ్చాయో తెలియాలి.

రిజర్వ్ సైనికుడి హాజరును "డ్రిల్" అనే కొలతతో లెక్కపెడతారు. ఒక డ్రిల్ అంటే నాలుగు గంటలు. రోజుకు రెండు డ్రిల్లులు, అంటే ఒక వారాంతానికి నాలుగు. ఏడాదికి మొత్తం 48. ఇవి కాక ఏడాదిలో ఒకసారి రెండు వారాల వార్షిక శిక్షణ ఉంటుంది. జీతం కూడా ఇదే కొలత మీద వస్తుంది. ఒక డ్రిల్‌కి నెల మూల వేతనంలో ముప్ఫయ్యో వంతు ఇస్తారు. అంటే రెండు రోజుల వారాంతానికి నాలుగు రోజుల జీతం. ఇదేదో లాభసాటి బేరంలా కనిపిస్తుంది గానీ, డ్రిల్ రోజులకు మూల వేతనమే వస్తుంది, ఇంటి అద్దె, భోజనం భత్యాల్లాంటివి ఉండవు.

పెన్షన్‌కి పాయింట్లు కావాలి. డ్రిల్‌కి ఒక పాయింటు, పూర్తికాలం డ్యూటీ చేసిన రోజుకు ఒక పాయింటు. రిజర్వ్‌లో పేరు ఉన్నందుకే ఏడాదికి 15 పాయింట్లు అదనం. ఏడాదిలో కనీసం 50 పాయింట్లు వస్తేనే దాన్ని "మంచి ఏడాది"గా లెక్కేస్తారు. అలాంటి మంచి ఏళ్లు ఇరవై ఉండాలి. 49 వచ్చిన ఏడాది పెన్షన్ మొత్తంలోకి పాయింట్ల రూపంలో చేరుతుంది కానీ, ఇరవై ఏళ్ల లెక్కలోకి రాదు. పెళ్లిళ్లకో, జ్వరంతోనో నాలుగు వారాంతాలు మానేసి, ఆ పైన వార్షిక శిక్షణ కూడా తప్పితే ఏడాది మొత్తం ఎగిరిపోతుంది. రిజర్వ్ వాళ్లకు ఏడాది చివరికొచ్చేసరికి ఉండే టెన్షన్ ఇదే.

ఇప్పుడు కూడిక వేద్దాం. 48 డ్రిల్లులు, 14 రోజుల శిక్షణ, 15 సభ్యత్వ పాయింట్లు కలిపితే ఏడాదికి 77. ఇరవై ఏళ్లకు 1,540. పెన్షన్ లెక్కలో ఏడాదికి 360 రోజులు కనుక, దీన్ని 360తో భాగిస్తే 4.28 ఏళ్లు. 2018కి ముందు చేరినవాళ్ల పాత పద్ధతిలో ఏడాదికి రెండున్నర శాతం చొప్పున మూల వేతనంలో దాదాపు 10.7 శాతం పెన్షన్. అదే పద్ధతిలో పూర్తికాలం ఇరవై ఏళ్లు చేసిన వాడికి వచ్చేది 50 శాతం. ఇక నిజంగా యూనిఫాంలో ఉన్న రోజులు చూస్తే, 24 డ్రిల్ రోజులు, 14 శిక్షణ రోజులు కలిపి ఏడాదికి 38. ఇరవై ఏళ్లకు 760. మొదట చెప్పిన రెండేళ్ల పైచిలుకు ఇదే. యుద్ధానికో, విపత్తుకో పిలుపు వచ్చి నెలల తరబడి డ్యూటీ చేస్తే ఈ అంకెలు పెరుగుతాయి. ఇక్కడ వేసింది ఏ పిలుపూ రాని మనిషి లెక్క. ఈ పద్ధతికి మూలం 1948 నాటి చట్టం. అప్పటికి అమెరికా దగ్గర రెండో ప్రపంచ యుద్ధంలో ఆరితేరిన లక్షల మంది ఉన్నారు. వాళ్లందరికీ పూర్తి జీతం ఇచ్చి ఉంచుకోలేదు, అలాగని వదులుకోనూ లేదు. మనిషిని ఇంటికి పంపించి, నైపుణ్యాన్ని మాత్రం నెలకోసారి తోమి పెట్టుకుందామన్నది ఆలోచన.

తోమి పెట్టుకోవడానికి సబ్‌మెరైన్ వీలైన వస్తువేనా? ఈ కథలో అసలు చిక్కు అక్కడే ఉంది.

యుద్ధం అయిపోయాక అమెరికా నేవీ దగ్గర డీజిల్ సబ్‌మెరైన్లు అవసరానికి మించి మిగిలాయి. వాటిలో కొన్నింటిని రిజర్వ్ వాళ్ల శిక్షణకు కేటాయించి ఊరూరా కట్టేశారు. ఊరూరా అంటే సముద్రం ఒడ్డునే కాదు. సిల్వర్‌సైడ్స్ అనే సబ్‌మెరైన్ 1947లో షికాగో చేరింది. 1959లో సెయింట్ లారెన్స్ జలమార్గం తెరిచిన ఏడాదే కాడ్ అనే సబ్‌మెరైన్‌ను క్లీవ్‌లాండ్‌కు లాక్కొచ్చారు. కోబియా అదే ఏడాది మిల్వాకీకి వచ్చింది. ఈ మూడు ఊళ్లూ మంచినీటి సరస్సుల ఒడ్డున ఉన్నవే. లింగ్ బ్రూక్లిన్‌లో, బోఫిన్ సియాటిల్‌లో ఉండేవి. చాలావాటికి ప్రొపెల్లర్లు తీసేశారు కనుక అవి ఎక్కడికీ కదలవు. పసిఫిక్‌లో జపాన్ ఓడలను వేటాడిన సబ్‌మెరైన్‌లోకి శనివారం పొద్దున్నే ఒక బ్యాంకు గుమాస్తా, ఒక కార్ల మెకానిక్, ఒక లెక్కల మాస్టారు దిగేవాళ్లన్న మాట. డీజిల్ ఇంజను తిప్పడం, వాల్వులు ఏ వరుసలో తెరవాలో మూయాలో వల్లె వేయడం, మునగడానికి సిద్ధమయ్యే క్రమాన్ని మునగకుండానే అభ్యాసం చేయడం వాళ్ల పని. పెరిస్కోప్ ఎత్తితే కనిపించేవి ఊళ్లోని మేడలే.

వినడానికి ఇది కాస్త నవ్వులాటగా ఉంటుంది కానీ, అప్పటికి ఈ ఏర్పాటులో అర్థం ఉంది. డీజిల్ సబ్‌మెరైన్ మనిషి చేత్తో నడిచే యంత్రం. ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ వాల్వు ఎక్కడుందో చీకట్లో తడుముకుని చెప్పగలిగితే సగం పని వచ్చినట్టే. సబ్‌మెరైన్ వాళ్లు ఛాతీ మీద పెట్టుకునే డాల్ఫిన్ల బ్యాడ్జీ ఈ విద్యకు గుర్తు. 1924 నుంచి ఇస్తున్నారు. ఆఫీసర్లది బంగారు రంగు, మిగతావాళ్లది వెండి రంగు. దాన్ని సంపాదించాలంటే వంటవాడైనా సరే టార్పెడో గది నుంచి ఇంజను గది దాకా ప్రతి వ్యవస్థా నేర్చుకుని, ఒక్కో దానికీ పెద్దవాళ్ల సంతకం కార్డు మీద వేయించుకుని, చివర్న బోర్డు ముందు నిలబడి జవాబు చెప్పాలి. నిప్పు అంటుకున్నా, నీళ్లు వచ్చినా ఎవరు దగ్గరుంటే వాళ్లే ఆపాలి కాబట్టి ఈ పట్టింపు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా 52 సబ్‌మెరైన్లను, దాదాపు 3,500 మందిని పోగొట్టుకుంది. వాళ్లు చనిపోయారని సబ్‌మెరైన్ వాళ్లు అనరు, "శాశ్వత గస్తీలో ఉన్నారు" అంటారు.

ఈ కుటుంబానికి చెందిన ఒక సబ్‌మెరైన్ తెలుగువాళ్లకు బాగా తెలుసు. అమెరికా నేవీలో డయాబ్లో అనే పేరుతో ఉండి, 1964లో పాకిస్తాన్ చేతికి వెళ్లి, ఘాజీ అయింది. 1971 డిసెంబర్ 3-4 రాత్రి విశాఖపట్నం దగ్గర మునిగింది. ఎలా మునిగిందన్న వాదన ఇంకా తెగలేదు. డయాబ్లో టెంచ్ తరగతిది. అదే తరగతిలో దాని తోబుట్టువు టార్స్క్, ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో రిజర్వ్ వాళ్లకు పాఠాలు చెబుతూ ఉంది. విశాఖ దగ్గర ఘాజీ మునిగిన ఆ డిసెంబర్‌లోనే టార్స్క్, కాడ్ రెండింటి పేర్లూ అమెరికా నేవీ జాబితా నుంచి కొట్టేశారు. ఒకదానితో ఒకటికి సంబంధం లేదు, కాకతాళీయమే. ఒకే తరానికి చెందిన యంత్రాలు ఒకే వేళకు ముసలివయ్యాయి, అంతే. ఇప్పుడు టార్స్క్ బాల్టిమోర్‌లో, కాడ్ క్లీవ్‌లాండ్‌లోనే మ్యూజియంలుగా ఉన్నాయి. విశాఖ ఆర్కే బీచ్‌లోని కురుసురలో మనం నడిచి వెళ్లేందుకు ద్వారాలు పెట్టారు. కాడ్‌ను కోయలేదు. చూడాలనుకున్నవాళ్లు ఆనాటి నావికుల్లాగే గుండ్రటి మూత తీసి నిలువు నిచ్చెన దిగాల్సిందే.

రిజర్వ్ వాళ్ల చేతుల్లోంచి సబ్‌మెరైన్ జారిపోవడానికి కారణం 1955 జనవరి 17న మొదలైంది. ఆ రోజు నాటిలస్ అనే సబ్‌మెరైన్ అణుశక్తితో బయల్దేరింది. డీజిల్ సబ్‌మెరైన్‌కు ఊపిరి కావాలి, బ్యాటరీల కోసం పైకి రావాలి. అణు సబ్‌మెరైన్‌కు ఆ అవసరం లేదు, లోపల తిండి అయిపోయే దాకా కిందే ఉండగలదు. ఒహాయో తరగతి క్షిపణి సబ్‌మెరైన్లు సగటున 77 రోజులు సముద్రంలో ఉంటాయి. ఒక్కో దానికి బ్లూ, గోల్డ్ అని రెండు సిబ్బంది జట్లు ఉంటాయి. ఒక జట్టు దిగగానే ఇంకొకటి ఎక్కుతుంది. ఈ 77 రోజులకు, రిజర్వ్ మనిషి దగ్గరున్న రెండు వారాలకు పొత్తు కుదరదు. పైగా రియాక్టర్ దగ్గర పని చేసేవాళ్ల చదువే ఏడాదికి పైగా పడుతుంది. 1963 ఏప్రిల్‌లో థ్రెషర్ అనే అణు సబ్‌మెరైన్ 129 మందితో మునిగిపోయాక భద్రతా నియమాలు ఇంకా బిగిశాయి. నెలకోసారి వచ్చిపోయేవాడిని అలాంటి చోట నిలబెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే సరైనది కూడా.

అందుకే ఈనాడు "సబ్‌మెరైన్ రిజర్వ్" అంటే సబ్‌మెరైన్ లోపల పని చేసేవాళ్లని అర్థం కాదు. ఒకప్పుడు పూర్తికాలం డ్యూటీలో డాల్ఫిన్లు సంపాదించుకుని, తర్వాత రిజర్వ్‌లో చేరినవాళ్లు ఇందులో చాలామంది. వాళ్ల పని ఒడ్డు మీదే. సబ్‌మెరైన్లు ఎక్కడున్నాయో గమనించే కార్యస్థానాల్లో షిఫ్టులు, మరమ్మతులు, ఓడరేవు భద్రత. మరమ్మతుల కోసం సర్జ్‌మెయిన్ అనే పేరుతో ప్రత్యేకంగా ఒక రిజర్వ్ దళమే ఉంది. బయట వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, పైప్ ఫిట్టర్లుగా బతుకుతున్నవాళ్లు ఇందులో ఉంటారు. 2020లో కోవిడ్ వల్ల నేవీ షిప్‌యార్డుల్లో పనివాళ్లు తగ్గిపోతే, వీళ్లలో 1,600 మందికి పైగా పిలిచి నార్ఫోక్, పోర్ట్స్‌మత్, ప్యూజెట్ సౌండ్, పెర్ల్ హార్బర్ యార్డులకు పంపారు. శిక్షణ సబ్‌మెరైన్లో కూర్చుని మునగడం నేర్చుకున్న పాత తరం కంటే వీళ్లే సబ్‌మెరైన్లకు ఎక్కువ పనికొచ్చారనిపిస్తుంది. మనిషికి బయటి ఉద్యోగంలో రోజూ సాన పడే విద్యనే ఇక్కడ వాడుకుంటున్నారు కాబట్టి, నెలకోసారి తోమాల్సిన పని లేదు.

కోస్ట్ గార్డ్ రిజర్వ్ కథ దీనికి పూర్తిగా తిరగేసిన కథ.

అమెరికా కోస్ట్ గార్డ్ మొదటి నుంచీ వింత సంస్థ. 1790లో సుంకం ఎగ్గొట్టే ఓడలను పట్టుకోవడానికి ఖజానా శాఖ కింద పుట్టిన పడవల దళం ఒకటి, మునిగే ఓడల్లోని మనుషులను కాపాడే దళం ఇంకొకటి. 1915లో రెండూ కలిసి కోస్ట్ గార్డ్ అయింది. సగం పోలీసు, సగం అగ్నిమాపక దళం లాంటి పని, పైన సైనిక హోదా. యుద్ధం వస్తే నేవీ కింద పని చేస్తుంది. శాంతికాలంలో 1967 దాకా ఖజానా శాఖ, ఆ తర్వాత రవాణా శాఖ, 2003 నుంచి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ. రక్షణ శాఖ కింద మాత్రం లేదు. ఈ ముక్క కాసేపు గుర్తుంచుకోవాలి.

దీని రిజర్వ్‌కు చట్టం 1941 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ఏడాది చివరికే అమెరికా యుద్ధంలోకి దిగింది. ఆ యుద్ధంలో కోస్ట్ గార్డ్‌లో పని చేసిన 2,14,000 మందిలో 92 శాతానికి పైగా రిజర్వ్ వాళ్లే. అంటే రిజర్వ్ పక్కన పెట్టుకున్న అదనపు బలం కాదు, యుద్ధకాలపు కోస్ట్ గార్డే అది. హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ జాక్ డెంప్సీ కూడా కోస్ట్ గార్డ్ రిజర్వ్ ఆఫీసరుగానే యుద్ధంలో పని చేశాడు. వీళ్లు కాక "తాత్కాలిక రిజర్వ్" అని ఇంకో 1,25,000 మంది ఉండేవాళ్లు. వీళ్లలో చాలామంది సొంత పడవలు ఉన్నవాళ్లు, జీతం లేకుండా వారానికి కొన్ని గంటలు ఓడరేవుల్లో గస్తీ తిరిగేవాళ్లు.

సబ్‌మెరైన్, కోస్ట్ గార్డ్ రిజర్వ్ నిజంగా ఎదురెదురు పడింది 1942లోనే. అమెరికా తూర్పు తీరంలో యూ-బోట్లు అనే జర్మన్ సబ్‌మెరైన్లు వాణిజ్య నౌకలను వరసగా ముంచేస్తున్నాయి. ఎదుర్కోవడానికి చాలినన్ని యుద్ధ నౌకలు లేవు. అప్పుడు ధనవంతులు సరదాకు వాడుకునే తెరచాప యాచ్‌లను తీసుకుని, రేడియో ఒకటి, చిన్నపాటి ఆయుధాలు పెట్టి సముద్రంలోకి పంపారు. తెరచాప పడవకు ఇంజను చప్పుడు ఉండదు కనుక నీటి కింద ఉన్నవాడికి వినపడదు, అదొక్కటే దాని బలం. జనం వాళ్లకు "హూలిగన్ నేవీ" అని పేరు పెట్టారు. మనవాళ్లయితే రౌడీ నేవీ అనేవాళ్లేమో. వీళ్లు యూ-బోట్లను ముంచలేదు. ఎక్కడ కనిపించాయో చెప్పారు, మునిగిన ఓడల్లోంచి బతికిన వాళ్లను ఎత్తుకొచ్చారు. కోస్ట్ గార్డ్ రిజర్వ్ స్వభావం అక్కడే స్థిరపడిందని చెప్పవచ్చు. చేతిలో ఉన్న పడవ, ఊళ్లో ఉన్న మనిషి, ఇవాళ్టి అవసరం.

1950లో మరో మలుపు. ప్రచ్ఛన్న యుద్ధ భయంలో ఓడరేవుల భద్రతను కోస్ట్ గార్డ్‌కు అప్పగించారు. అందుకు తగ్గట్టు రిజర్వ్ శిక్షణ యూనిట్లు ఓడరేవు ఊళ్లలో మొదలయ్యాయి. రేవులో దిగే సరుకేదో, పేలుడు పదార్థం ఎలా దించాలో, ఏ నావికుడికి అనుమతి ఉందో చూడటం వీళ్ల పని. ఊళ్లో పెరిగినవాడికి ఊరి రేవు తెలిసినంతగా బయటినుంచి బదిలీ మీద వచ్చినవాడికి తెలియదు. ఇందులో రిజర్వ్‌తనం లోటు కాదు, అదే అర్హత.

1972లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఇంకో అధికారం ఇచ్చింది. వరద, తుపాను, చమురు తెట్టు లాంటి విపత్తుల్లో, అధ్యక్షుడి ఉత్తర్వో, యుద్ధ ప్రకటనో ఏదీ అక్కర్లేకుండా, శాఖ మంత్రే కోస్ట్ గార్డ్ రిజర్వ్‌ను డ్యూటీకి పిలవవచ్చు. మరుసటి ఏడాది మిడ్‌వెస్ట్ వరదలకే ఇది వాడారు. 2005లో కత్రినా తుపాను, 2010లో డీప్‌వాటర్ హొరైజన్ చమురు ప్రమాదం వచ్చినప్పుడూ పిలుపులు వెళ్లాయి. నేవీ రిజర్వ్ మనిషికి పిలుపు రావాలంటే చాలాసార్లు యుద్ధం లాంటిదే రావాలి. కోస్ట్ గార్డ్ రిజర్వ్ మనిషి పిలుపుకు పెద్ద వాన చాలు. కత్రినాలో కోస్ట్ గార్డ్ మొత్తంగా 33,500 మందికి పైగా మనుషులను బయటపడేసింది.

యుద్ధానికీ వెళ్తారు, వెళ్లరని కాదు. పోర్ట్ సెక్యూరిటీ యూనిట్లని ఎనిమిది ఉన్నాయి. దాదాపు అందరూ రిజర్వ్ వాళ్లే. చిన్న పడవలు, వాటి మీద మెషిన్ గన్లు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక వీటిలో మూడింటిని పర్షియన్ గల్ఫ్‌కు పంపారు. పోయిన నెల దాకా ఒహాయోలో పోలీసు ఉద్యోగమో మరొకటో చేసుకుంటున్నవాడు సౌదీ ఓడరేవులో రాత్రి గస్తీ కాశాడు.

1994 ప్రాంతంలో కోస్ట్ గార్డ్ ఇంకో అడుగు వేసింది. విడి రిజర్వ్ యూనిట్లను చాలావరకు రద్దు చేసి, రిజర్వ్ వాళ్లను నేరుగా పూర్తికాలం స్టేషన్లలో కలిపేసింది. శనివారం వచ్చే రిజర్వ్ నావికుడు అదే పడవ మీద, అదే జట్టులో, అదే గస్తీకి వెళ్తాడు. దీని వల్ల రిజర్వ్ మనిషికి నిజమైన పని దొరికింది. కష్టం కూడా వచ్చింది. పడవ నడిపే అర్హత నిలబెట్టుకోవాలంటే ఆరు నెలల్లో నిర్ణీత గంటలు సముద్రం మీద ఉండాలి. పూర్తికాలం వాళ్లకు అది రెండు మూడు షిఫ్టుల పని. నెలకు రెండు రోజులు వచ్చేవాడికి, ఆ రెండు రోజులూ వాతావరణం బాగుండి, పడవ మరమ్మతులో లేకుండా ఉంటేనే అవుతుంది. రిజర్వ్‌కు తనదంటూ యూనిట్ లేకపోవడంతో, తన గోడు చెప్పుకునే అధికారి కూడా దూరమయ్యాడన్న అసంతృప్తి అప్పటి నుంచీ ఉంది. అది అర్థం లేని అసంతృప్తేమీ కాదు. ఇప్పుడు కోస్ట్ గార్డ్ రిజర్వ్‌కు చట్టం అనుమతించే బలం 7,000. ఇంత చిన్న రిజర్వ్ మరే అమెరికా సైనిక దళానికీ లేదు.

ఒక మనిషి సబ్‌మెరైన్ రిజర్వ్ నుంచి కోస్ట్ గార్డ్ రిజర్వ్‌కు ఎందుకు మారతాడన్నది ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. డాల్ఫిన్లు సంపాదించినవాడికి ఒడ్డు మీద కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే వారాంతాలు విసుగనిపిస్తాయి. కోస్ట్ గార్డ్‌లో పడవ ఉంది, పని ఉంది, ఇంటికి దగ్గర్లో స్టేషన్ ఉంది. రెండింట్లోనూ హోదాల పేర్లు ఒకటే. ఇంజను, కరెంటు, నీళ్లు లోపలికి వస్తే ఆపే విద్య ఎక్కడికెళ్లినా పనికొస్తుంది. కనెక్టికట్‌లో థేమ్స్ నదికి ఒక గట్టున, గ్రోటన్‌లో, నేవీ సబ్‌మెరైన్ స్థావరం, సబ్‌మెరైన్ స్కూలు ఉన్నాయి. రెండో గట్టున, న్యూ లండన్‌లో, కోస్ట్ గార్డ్ అకాడమీ ఉంది. ఇంకో చిత్రమేమిటంటే, క్షిపణి సబ్‌మెరైన్లు రేవు నుంచి లోతు నీళ్ల దాకా వెళ్లేటప్పుడు చుట్టూ కాపలా కాసేది కోస్ట్ గార్డ్ పడవలే. జార్జియాలోని కింగ్స్ బే, వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్యాంగర్‌లలో ఇందుకు 2007 నుంచి ప్రత్యేక దళాలున్నాయి. సబ్‌మెరైన్‌కు అన్నిటికంటే ప్రమాదం అది నీళ్ల పైన ఉన్నప్పుడే మరి.

మారడానికి డీడీ 368 అనే ఫారం మీద పాత దళం ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే అప్పటిదాకా కూడబెట్టిన పాయింట్లన్నీ వెంట వస్తాయి, ఒక్కటీ పోదు. ఖాతా ఒకటే, బ్రాంచి మారినట్టు.

పాయింట్లు మారవు గానీ పైనున్న శాఖ మారిపోతుంది. 2018 డిసెంబర్ 22 నుంచి 2019 జనవరి 25 దాకా అమెరికా ప్రభుత్వం పాక్షికంగా మూతపడింది. రక్షణ శాఖకు అప్పటికే డబ్బు మంజూరైంది కనుక నేవీ వాళ్లకు జీతాలు వచ్చాయి. హోంల్యాండ్ సెక్యూరిటీకి మంజూరు కాలేదు కనుక కోస్ట్ గార్డ్‌కు రాలేదు. జనవరి 15 జీతం ఆగిపోయింది. సైనికులే అయినా, డ్యూటీ మానడానికి లేకపోయినా, కోస్ట్ గార్డ్ కుటుంబాలు ఉచిత సరుకుల కోసం నిలబడ్డాయి. ఒకే రేవులో పక్కపక్కన కట్టిన రెండు ఓడల్లో ఒకదాని సిబ్బందికి జీతం, ఇంకొకదాని సిబ్బందికి వాయిదా.

ఇక "వెటరన్" అనే మాట సంగతి. మామూలు వాడుకలో సైన్యంలో పని చేసి వచ్చిన ఎవరైనా వెటరనే. చట్టంలో అలా కాదు, నిర్ణీత రకం పూర్తికాలం డ్యూటీ చేసి ఉండాలి. డ్రిల్లులు, శిక్షణ రోజులు అందులోకి రావు. దాంతో ఇరవై మంచి ఏళ్లు పూర్తి చేసి, పెన్షన్‌కు అర్హత సంపాదించి, కానీ ఎప్పుడూ యుద్ధానికో విపత్తుకో పిలుపు రాని రిజర్వ్ మనిషి, చట్టం దృష్టిలో వెటరన్ కాకుండా పోయాడు. రెండేళ్లు పూర్తికాలం చేసి వచ్చేసిన పక్కింటి కుర్రాడు మాత్రం వెటరన్. ఏళ్ల తరబడి అడిగితే 2016 డిసెంబర్‌లో చట్టం మారింది. ఇరవై ఏళ్లు పూర్తి చేసిన రిజర్వ్ వాళ్లను వెటరన్లుగా గౌరవిస్తామంది. దాంతోపాటే, ఈ గౌరవం వల్ల కొత్తగా ఏ ప్రయోజనమూ రాదని కూడా రాసి పెట్టింది. పేరు ఇచ్చి పైకం ఇవ్వకపోవడం ఏ దేశపు ఖజానాకైనా చేతనైన విద్యే.

మన దేశంలోనూ ఈ గీత ఉంది. టెరిటోరియల్ ఆర్మీ అనే పార్ట్‌టైమ్ దళంలో చేరినవాళ్లందరూ మాజీ సైనికుల కిందికి రారు, ప్రధానంగా పిలుపు మీద చేసిన నిరంతర సర్వీసుకు పెన్షన్ పొందేవాళ్లకే ఆ హోదా. భారత కోస్ట్ గార్డ్‌లో జీవితమంతా పని చేసినవాళ్లు కూడా "మాజీ సైనికుడు" అనే నిర్వచనంలో లేరు. ఆ నిర్వచనం ఆర్మీ, నేవీ, వైమానిక దళాల దగ్గరే ఆగిపోతుంది. విశాఖలో ఒకే రేవు నుంచి బయల్దేరే నేవీ నావికుడు, కోస్ట్ గార్డ్ నావికుడు రిటైరయ్యాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గుమ్మం దగ్గర వేర్వేరు మనుషులవుతారు.

మళ్లీ మొదట చెప్పిన ఇరవై ఏళ్ల మనిషి దగ్గరికొస్తే, ఆయనకు ఇరవయ్యో మంచి ఏడాది నిండగానే ఒక ఉత్తరం వస్తుంది. ఇరవై ఏళ్ల ఉత్తరమనే దానికి పేరు. పెన్షన్‌కు అర్హత వచ్చిందని అందులో ఉంటుంది. డబ్బు మాత్రం అరవై ఏళ్లు వచ్చాకే. 2008 జనవరి తర్వాత కొన్ని రకాల పూర్తికాలం పిలుపుల మీద పని చేసినవాళ్లకు ప్రతి 90 రోజులకు మూడు నెలల చొప్పున ఈ వయసు తగ్గుతుంది. నలభై రెండేళ్లకే డ్రిల్లులు మానేసినవాడికి మధ్యలో పద్దెనిమిదేళ్ల ఎదురుచూపు. ఆ కాలంలో ఉన్నవాళ్లను "గ్రే ఏరియా" రిటైరీలంటారు. సైనికుడా అంటే అవును, కాదా అంటే అదీ అవును. యూనిఫాం అల్మారాలో ఉంటుంది, పెన్షన్ రాదు.

అరవై నిండిన రోజున అది దానంతటది ఖాతాలో పడదు కూడా. పాత కాగితాలన్నీ వెతుక్కుని, నేవీ పాయింట్లు, కోస్ట్ గార్డ్ పాయింట్లు సరిగ్గా కూడారో లేదో చూసుకుని, తనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆఖరున పని చేసింది కోస్ట్ గార్డ్‌లో కనుక ఆ దరఖాస్తు వెళ్లేది కోస్ట్ గార్డ్ జీతభత్యాల కేంద్రానికి. అది ఉన్నది కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలో. చుట్టూ గోధుమ చేలు, ఎటు వెళ్లినా సముద్రం వెయ్యి కిలోమీటర్లకు పైనే.